రబ్బరు కంటే ఉక్కే స్థితిస్థాపకమా? ఎఫ్ఈ 550 రాడ్లు వేస్తే స్లాబు వంగదా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయి పుస్తకంలో "రబ్బరు కంటే ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువ" అని ఉంది, అదెలాగో చెప్పమని ఆమె అడుగుతోంది. మీ ఇంటి స్లాబు దగ్గరేమో మేస్త్రి "ఎఫ్ఈ 500 బదులు 550 వేద్దాం సార్, రాడ్లు తగ్గుతాయి, స్లాబు కూడా వంగదు" అంటున్నాడు. (ఎఫ్ఈ 500 అంటే చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల దాకా లొంగకుండా నిలిచే ఉక్కు రాడ్డు.) ఈ రెండింటికీ ఏమన్నా సంబంధం ఉందా అని చివర్లో అడిగారు. ఉంది. మేస్త్రి లెక్క ఎక్కడ తప్పిందో మీ అమ్మాయి పాఠంలోనే దొరుకుతుంది.

ముందు పుస్తకం సంగతి. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యం ఉన్న తీగలు కొన్ని తీసుకుని ఒక్కోదానికి పది కిలోల బరువు కట్టారనుకోండి. పది కిలోలంటే సుమారు 100 న్యూటన్లు. ఉక్కు తీగ అర మిల్లీమీటరు సాగుతుంది. రాగి తీగ 0.8 మిల్లీమీటరుకు కాస్త పైన, అల్యూమినియం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అదే కొలతలున్న రబ్బరు తాడుకు పది కిలోలు కడితే తెగి కింద పడుతుంది కాబట్టి వంద గ్రాములే కడదాం. మామూలు రబ్బరయితే అర మీటరు అటూఇటూగా సాగుతుంది. అదే వంద గ్రాములకు ఉక్కు సాగేది ఐదు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. లక్ష రెట్ల తేడా.

ఒక చదరపు మిల్లీమీటరు మీద పడే బలం ప్రతిబలం, మొత్తం పొడవులో సాగిన వంతు వికృతి. ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే వచ్చేది యంగ్ గుణకం. ఉక్కుకు అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,00,000 న్యూటన్లు, రాగికి 1,20,000, అల్యూమినియానికి 70,000. రబ్బరుకు ఒకటి నుంచి పది మధ్యలో ఎక్కడో ఉంటుంది, మిశ్రమాన్ని బట్టి మారుతుంది. పుస్తకం "స్థితిస్థాపకత ఎక్కువ" అన్నది ఈ గుణకం ఎక్కువ అన్న అర్థంలోనే. అంటే ఒకే వికృతి తేవడానికి ఉక్కులో ఎక్కువ ప్రతిబలం కావాలి, ఆకారం మార్చబోయే బలాన్ని అది అంత గట్టిగా ఎదిరిస్తుంది.

పరీక్షలో ఇలాగే రాస్తే మార్కులు పడతాయి. నన్నడిగితే మాత్రం ఆ ప్రశ్నను అక్కడితో వదిలేయడం అన్యాయం. రబ్బరు బ్యాండును నాలుగైదు రెట్లు లాగి వదిలినా దాదాపు మొదటి పొడవుకే వస్తుంది. ఎఫ్ఈ 500 రాడ్డును దాని పొడవులో పావు శాతం దాటించి లాగితే మళ్లీ పాత పొడవుకు రాదు. ఎంత దూరం పోయి వెనక్కి రాగలదు అన్నది కొలత అయితే రబ్బరే గెలుస్తుంది. బలాన్ని ఎంత ఎదిరిస్తుంది, ఎంత దూరం పోయి తిరిగి వస్తుంది అనేవి రెండు వేర్వేరు గుణాలు. పుస్తకం మొదటిదాన్ని మాత్రమే తీసుకుని దానికి స్థితిస్థాపకత అని పేరు పెట్టింది. పిల్లలు తికమక పడుతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

పైగా ఉక్కు, రబ్బరు వెనక్కి వచ్చే కారణాలే వేరు. ఉక్కును లాగితే పరమాణువుల మధ్య దూరం కొంచెం పెరుగుతుంది, బంధాలు వాటిని వెనక్కి లాగుతాయి. రబ్బరులో పొడవాటి అణువుల గొలుసులు చిక్కుపడి ముద్దగా ఉంటాయి. లాగితే అవి బారుగా సర్దుకుంటాయి, వదిలితే ఉష్ణ చలనం వాటిని మళ్లీ చిక్కుల్లోకి నెడుతుంది. అందుకే బరువు వేలాడుతున్న రబ్బరు తాడును వేడి చేస్తే సాగదు, ముడుచుకుని బరువును పైకెత్తుతుంది. ఉక్కు తీగ దానికి పూర్తిగా వ్యతిరేకం. దీన్ని 1805లో జాన్ గఫ్ అనే ఆయన గమనించాడు, ఆ తరవాత అర్ధ శతాబ్దానికి జూల్ కొలిచి చూపించాడు. మీ అమ్మాయిని ఇంట్లోనే చేసి చూడమనండి. వెడల్పాటి రబ్బరు బ్యాండును ఒక్కసారిగా బాగా లాగి వెంటనే పెదవికి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. లాగి పట్టుకుని, చల్లారాక ఒక్కసారిగా వదిలి మళ్లీ ఆనిస్తే చల్లగా ఉంటుంది.

ఇక రాడ్ల దగ్గరికి వద్దాం. ఇది నా రోజువారీ పని. నేను పదార్థాలను పరీక్షించే ల్యాబులో ఉంటాను, అంతకు ముందు డిప్లొమా సివిల్ పిల్లలకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పాను. మీ అమ్మాయి పుస్తకంలో ప్రతిబల వికృతి రేఖ బొమ్మ ఒకటి ఉంటుంది, ఒక్కో బిందువుకూ పేరు పెట్టి. ఆ బొమ్మను కంఠతా పట్టే బదులు అది ఎలా పుడుతుందో ఒకసారి చూస్తే చాలు.

12 మిల్లీమీటర్ల రాడ్డు ముక్క తీసుకుని, దాని మీద 60 మిల్లీమీటర్ల దూరంలో రెండు పంచ్ గుర్తులు కొడతాం. వ్యాసానికి ఐదు రెట్లు అన్నమాట. ముక్క రెండు చివరలను లాగి పరీక్షించే యంత్రం, అంటే యూటీఎం దవడల్లో బిగించి లాగడం మొదలుపెడతాం. పాత రకం యంత్రాలకు పెద్ద గుండ్రటి డయలు, రెండు ముల్లులు ఉంటాయి. నల్లది భారం చూపిస్తుంది, ఎర్రదాన్ని అది తోసుకుపోయి గరిష్ఠం దగ్గర వదిలేస్తుంది. మొదట్లో ముల్లు నిలకడగా, చకచకా ఎక్కుతుంది. రాడ్డును చూస్తే ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. టన్ను, రెండు టన్నులు, నాలుగు టన్నులు. కంటికి కదలిక లేదు, ఎందుకంటే ఆ 60 మిల్లీమీటర్లలో స్థితిస్థాపకంగా సాగేది మొత్తం కలిపి 0.15 మిల్లీమీటరు. దాన్ని పట్టాలంటే ఎక్స్‌టెన్సోమీటరు తగిలించాల్సిందే. బలం ఎంత పెరిగితే సాగుదల అంత పెరుగుతుందనే హుక్ నియమం నడిచే భాగం ఇదే. పుస్తకంలో బొమ్మ సగం పేజీ వాలుగా గీసిన ఆ సరళరేఖ నిజానికి కంటికి కనపడనంత చిన్నది.

ఐదుంముప్పావు టన్నులు దాటాక ఎక్కడో ముల్లు తడబడుతుంది. యంత్రం లాగుతూనే ఉంటుంది, భారం మాత్రం పెరగదు. రాడ్డు మీద నల్లటి పొలుసు చిట్లి సన్నటి రజనులా రాలుతుంది, ఎందుకంటే కింద లోహం సాగుతోంది, పైనున్న ఆక్సైడు పొర సాగలేదు. అదే ఈల్డ్ పాయింటు. కాసేపటికి ముల్లు మళ్లీ కదులుతుంది, ఈసారి బద్ధకంగా. రాడ్డు పొడవవుతున్నట్టు ఇప్పుడు కంటికే తెలుస్తుంది. భారం గరిష్ఠానికి చేరి, ఎర్ర ముల్లును అక్కడ వదిలి, నల్ల ముల్లు వెనక్కి రావడం మొదలవుతుంది. అప్పుడు రాడ్డు మీద ఒకచోట నడుము సన్నబడుతూ కనిపిస్తుంది. ఇక ఐదారు క్షణాలే. పెద్ద చప్పుడుతో తెగుతుంది, కొత్తగా వచ్చిన పిల్లలు ఉలిక్కిపడతారు. తెగిన కొసను వెంటనే పట్టుకోవద్దని వాళ్లకు ముందే చెబుతాం, వేడిగా ఉంటుంది. చల్లారాక రెండు ముక్కలను కొసకు కొస చేర్చి పంచ్ గుర్తుల మధ్య దూరం కొలుస్తాం. 60 కాస్తా 69.6 అయితే సాగుదల 16 శాతం.

ఈ ఒక్క పరీక్షలో మూడు సంగతులు తెలుస్తాయి. మొదటి గీత ఎంత నిటారుగా ఉందో అది యంగ్ గుణకం. రేఖ ఎంత ఎత్తుకు వెళ్లిందో అది బలం. కుడివైపు ఎంత దూరం పోయిందో అది సాగుదల. మీరు షాపులో డబ్బు పెట్టి కొనే గ్రేడు రెండో సంగతి గురించి మాత్రమే చెబుతుంది. 500డి లాంటి పేరులో పక్కనున్న డి అక్షరం మూడోదాని గురించి చెబుతుంది. మొదటిదాని గురించి చెప్పే గుర్తు ఏ రాడ్డు మీదా ఉండదు, ఎందుకంటే అన్ని రాడ్లకూ అది ఒకటే. ఎఫ్ఈ 415 అయినా, 500 అయినా, 600 అయినా, డిజైను లెక్కల్లో ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణం) ఇచ్చే విలువ ఒకటే: 2,00,000.

ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఎక్కువ బలమున్న ఉక్కు తక్కువ సాగాలి కదా అంటారు. లొంగే దాకా రెండూ సమానంగానే సాగుతాయి. చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల ప్రతిబలం పెడితే 415 గ్రేడు రాడ్డు మీటరుకు ఒక మిల్లీమీటరు సాగుతుంది, 600 గ్రేడు కూడా అంతే. తేడా ఆ తరవాత వస్తుంది. 415 గ్రేడుది మీటరుకు రెండు మిల్లీమీటర్ల దగ్గర లొంగుతుంది, 600ది మూడు దాకా లాక్కొస్తుంది.

కారణం ఏమిటంటే, యంగ్ గుణకం పరమాణువుల మధ్య బంధం నుంచి వస్తుంది. రాడ్లకు వాడే ఏ ఉక్కు తీసుకున్నా అందులో తొంభై ఏడు, తొంభై ఎనిమిది పాళ్లు ఇనుమే. పావు శాతం కార్బను, ఒక శాతం దాకా మాంగనీసు కలిసినంత మాత్రాన ఇనుము పరమాణువుకు పక్క పరమాణువుతో ఉన్న బంధం మారిపోదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో తీసిన ఉక్కును పర్షియా వర్తకులు కత్తుల కోసం వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ రకం ఉక్కులో కార్బను ఒకటి నుంచి రెండు శాతం ఉండేది. దాని బలం, కాఠిన్యం వేరే లోకం. యంగ్ గుణకం మాత్రం మీ స్లాబులో వేయబోయే రాడ్డుకు దగ్గర్లోనే ఉంటుంది. గడియారం స్ప్రింగుకీ, బైండింగ్ వైరుకీ కూడా అంతే. స్ప్రింగు వంచితే తిరిగొస్తుంది, బైండింగ్ వైరు వంచినచోట ఉండిపోతుంది. స్ప్రింగు బంధాలు బిగువైనవని అలా జరగడం లేదు. దాని ఈల్డ్ పాయింటు చాలా పైన ఉంది, మనం వంచిన వంపు దానికి ఆ పరిమితి లోపలే ఉండిపోయింది. అంతే తేడా.

మరి బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ కథ బాగుంటుంది, పుస్తకంలో ఉండదు. 1926లో ఫ్రెంకెల్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక లెక్క వేశాడు. స్ఫటికంలో ఒక పరమాణు పొర పక్క పొర మీద మొత్తం ఒకేసారి జారాలంటే ఎంత ప్రతిబలం కావాలి? ఆ లెక్క ప్రకారం ఇనుముకు చదరపు మిల్లీమీటరుకు పన్నెండు వేల న్యూటన్లకు పైనే వస్తుంది. శుద్ధమైన ఇనుము స్ఫటికం నిజానికి వందలోపే జారిపోతుంది. ఈ తేడాకు జవాబు 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యి ముగ్గురూ ఎవరికి వారు విడివిడిగా కనిపెట్టారు. పొర మొత్తం ఒకేసారి జారదు. స్ఫటికంలో అమరిక తప్పిన వరసలు ఉంటాయి, వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. అవి ఒక్కో అడుగూ వేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోతాయి. పెళ్లి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానాను ఒకేసారి లాగలేరు, ఒక చివర మడత లేపి ఆ మడతను నెట్టుకుంటూ పోతే మొత్తం జరుగుతుంది, అలాంటిదే. ఉక్కు బలం పెంచడమంటే ఆ వరసలు కదలకుండా అడ్డం పెట్టడమే. కార్బను కలపడం, రేణువులను చిన్నవి చేయడం, ఎర్రటి లోహాన్ని నీళ్లలో ముంచడం, చల్లటి లోహాన్ని సాగగొట్టడం, అన్నీ అందుకే. బంగారం పని చేసేవాళ్లు కమ్మచ్చులో తీగ లాగుతూ మధ్యమధ్య ఎర్రగా కాల్చేది కూడా ఇందుకే. లాగేకొద్దీ ఆ వరసలు ఒకదానికొకటి అడ్డుపడి తీగ గట్టిపడుతుంది, కాలిస్తే చిక్కులు విడిపోయి మళ్లీ మెత్తబడుతుంది. ఇంత జరిగినా ఆ తీగ యంగ్ గుణకం దాదాపు అక్కడే ఉంటుంది.

టీఎంటీ రాడ్డులో చేసేదీ ఇదే. రోలింగు మిల్లు నుంచి ఎర్రగా వచ్చే రాడ్డును నీటి పెట్టెలోంచి పంపుతారు. పైపొర ఒక్క క్షణంలో చల్లబడి మార్టెన్‌సైటు అనే చాలా గట్టి రూపంగా బిగుసుకుంటుంది. లోపలి వేడి మెల్లగా బయటికి వచ్చి ఆ పొరను కాస్త పదునార్చుతుంది. నడిమి భాగం మెత్తగా, సాగేలా మిగులుతుంది. రాడ్డును అడ్డంగా కోసి, ముఖాన్ని నున్నగా అరగదీసి, ఆల్కహాలులో కలిపిన పలచటి నైట్రిక్ ఆమ్లం పూస్తే కొద్దిసేపట్లో అంచు చుట్టూ నల్లటి వలయం తేలుతుంది. ఆ వలయం అన్నివైపులా ఒకే మందంలో ఉండాలి. ఒకవైపు మందంగా, ఇంకోవైపు సన్నంగా ఉందంటే చల్లార్చడం సరిగా జరగలేదు. సైటులో రాడ్డు వంగడం లేదని గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచేవాళ్లను చూస్తుంటాను. ఆ మంట తగిలినచోట వలయం పోయినట్టే. మీరు డబ్బు పెట్టి కొన్న 500 అక్కడ 500గా మిగలదు. మంట పెట్టనివ్వకండి.

ఇప్పుడు మీ స్లాబు. స్లాబు ఎంత వంగుతుందన్నది నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: మీద పడే బరువు, గది వెడల్పు, స్లాబు మందం, పదార్థం యంగ్ గుణకం. ఈల్డ్ స్ట్రెంత్ ఆ సూత్రంలో ఎక్కడా లేదు. అందులో మందం ఘనంలో ఉంటుంది, వెడల్పు నాలుగో ఘాతంలో ఉంటుంది. పది అడుగుల గది స్లాబు వంగినదానికి, అదే మందంలో పన్నెండు అడుగుల గది స్లాబు రెండింతలకు కాస్త ఎక్కువే వంగుతుంది. ఐదంగుళాల మందాన్ని ఆరంగుళాలు చేస్తే వంగకుండా నిలబడే శక్తి దాదాపు ఒకటిముప్పావు రెట్లవుతుంది. సొంత బరువు కూడా ఐదోవంతు పెరుగుతుంది కాబట్టి చివరికి వంగేది మూడోవంతు దాకా తగ్గుతుంది. ఒక్క అంగుళానికి ఇంత ఫలితం ఏ గ్రేడు ఉక్కూ ఇవ్వదు.

అసలు ఇబ్బంది మేస్త్రి చెప్పిన "రాడ్లు తగ్గుతాయి" దగ్గర ఉంది. డిజైనులో 415 గ్రేడు 10 మిల్లీమీటర్ల రాడ్లు పది కావాలనుకుందాం. అంతే బలం 550 గ్రేడులో ఎనిమిది రాడ్లకే వచ్చేస్తుంది. బలం లెక్క సరిపోయింది. కానీ రోజూ మోసే బరువు అదే కదా, దాన్నిప్పుడు పదికి బదులు ఎనిమిది పంచుకుంటున్నాయి. ఒక్కో రాడ్డులో ప్రతిబలం పాతిక శాతం పెరిగింది. యంగ్ గుణకం మారలేదు కాబట్టి వికృతి కూడా పాతిక శాతం పెరిగింది. రాడ్డు ఎంత సాగితే కింద కాంక్రీటులో సన్నటి పగుళ్లు అంత తెరుచుకుంటాయి, స్లాబు అంత ఎక్కువ వంగుతుంది. అంటే మేస్త్రి చెప్పినదానికి సరిగ్గా ఎదురు. ఐఎస్ 456కు ఈ సంగతి తెలుసు. వంపు తనిఖీ చేసే చోట అది రాడ్డులో రోజువారీ ప్రతిబలాన్ని గ్రేడు విలువలో 0.58 వంతుగా తీసుకుంటుంది. 415కు 240, 500కు 290 వస్తుంది. ఆ అంకె పెరిగేకొద్దీ అదే వెడల్పు గదికి స్లాబు మందం ఎక్కువ ఉండాలంటుంది.

మామూలు గదుల్లో రాడ్లు తగ్గించే వీలు కూడా పెద్దగా ఉండదు. గ్రేడు ఎంత పెంచినా స్లాబు మధ్యచ్ఛేదంలో 0.12 శాతం ఉక్కు ఉండి తీరాలి, ప్రధాన రాడ్ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు మించకూడదు. చిన్న గదుల్లో ఈ రెండు నియమాలే రాడ్ల సంఖ్యను తేల్చేస్తాయి. అప్పుడు 550కి ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది దండగ. ఏదేమైనా రాడ్లు తగ్గించాలా వద్దా అన్నది డ్రాయింగు మీద సంతకం పెట్టిన ఇంజనీరు చెప్పాలి. సెంట్రింగు మీద నిలబడి నిర్ణయించేది కాదు.

స్లాబులు ఎక్కువ వంగడానికి నేను చూసినంతలో ఉక్కు గ్రేడు కారణం కానే కాదు. పైరాడ్డు కిందికి దిగిపోవడం ఒకటి. బాల్కనీ, సన్‌షేడు లాంటి చోట్ల లాగుడు పైభాగంలో ఉంటుంది, ప్రధాన రాడ్డు పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు తట్టలు మోసేవాళ్లు దాన్ని తొక్కుతూ నడుస్తారు, కింద దాన్ని ఎత్తి పట్టే చెయిర్లు సరిగా పెట్టకపోతే రాడ్డు మెల్లగా మధ్యకో అడుక్కో చేరుతుంది. ఐదంగుళాల బాల్కనీలో ఒక అంగుళం దిగితే దానికున్న ప్రభావవంతమైన లోతులో నాలుగోవంతు పోయినట్టే. పోయకముందు మీరు వెళ్లి చూడాల్సింది అదీ, కింది రాడ్లను చెక్కకు ఆనకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులూ. రాడ్డు మీద కంపెనీ పేరు తరవాత చూసినా పరవాలేదు.

రెండోది సెంట్రింగును మోసే జాకీలు తొందరగా తీసేయడం. కాంక్రీటు మీద బరువు ఉంచితే వెంటనే కొంత వంగుతుంది, తరవాత నెలల తరబడి ఇంకా వంగుతూ పోతుంది. దీన్ని క్రీప్ అంటారు. ఐఎస్ 456 లెక్కలో ఏడో రోజున బరువు పెడితే మొదటి వికృతికి అదనంగా దీర్ఘకాలంలో 2.2 రెట్లు వస్తుంది, ఇరవై ఎనిమిదో రోజున పెడితే 1.6 రెట్లే. నాలుగున్నర మీటర్లలోపు స్లాబుకు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు జాకీలు ఉంచాలని నియమం. అదీ మామూలు ఓపీసీ సిమెంటుకి, నీళ్లు సరిగా కొడితేనే. ఇప్పుడు దొరికేది ఎక్కువగా పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు), అది నెమ్మదిగా గట్టిపడుతుంది, ఇంకొన్ని రోజులు ఆగండి. మీ మేస్త్రి ఐదో రోజున తీద్దామంటే ఆ విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టండి.

ఏ రాడ్డు కొనాలో అడగలేదు కానీ అడిగినట్టే అనుకుని చెబుతున్నాను. డిజైను 500కి ఉంటే 500డి తీసుకోండి. రాడ్ల ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 500 గ్రేడుకు కనీస సాగుదల 12 శాతం, 500డికి 16. 550కి 10 మాత్రమే, 550డికి 14.5. భూకంపం వచ్చినప్పుడు ఇల్లు నిలబడేది రాడ్డు తెగకుండా సాగి ఆ శక్తిని మింగడం వల్ల. మన దగ్గర భూకంపాలెందుకు వస్తాయిలే అనుకోవద్దు. 1969లో భద్రాచలం ప్రాంతాన్ని, 2024 డిసెంబరు 4న ములుగు పరిసరాలను కదిపినవి ఐదు పైబడిన తీవ్రత ఉన్నవే. పిల్లర్లలో, బీముల్లో సాగని రాడ్డు వేసి ఎక్కువ బలమని సంతోషపడటం నాకు నచ్చదు. సైటులో సాగుదల కొలవలేరు కానీ బరువు తూచగలరు. వ్యాసం మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 0.89 కిలో తూగాలి. ఒకసారి తప్పుగా వంచిన రాడ్డును నిటారు చేసి మళ్లీ అక్కడే వంచనివ్వకండి, మొదటి వంపులోనే అక్కడి సాగుదలలో చాలాభాగం ఖర్చయిపోయి ఉంటుంది.

గాజు గురించి కూడా మీ అమ్మాయికి చెప్పండి, పరీక్షలో పనికొస్తుంది. గాజు యంగ్ గుణకం సుమారు 70,000, అల్యూమినియంతో సమానం. ఒకే బరువుకు రెండూ సమానంగా సాగుతాయి. కానీ అల్యూమినియం లొంగి వంగుతుంది, గాజు పగులుతుంది. గాజులో డిస్‌లొకేషన్లు జారే దారి లేదు, దాని మీద కంటికి కనపడని గీతల కొసల దగ్గర ప్రతిబలం గుమిగూడి చీలుస్తుంది. అప్పుడే తీసిన సన్నటి గాజు పోగు మామూలు గాజు కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుందని గ్రిఫిత్ 1921లో చూపించాడు. గీతలు పెట్టుకునే చోటు దానికి తక్కువ. అద్దాలు కోసేవాడు వజ్రపు కొసతో ఒక్క గీత గీసి తట్టి విరిచేది కూడా ఈ సూత్రం మీదే.

ప్రాక్టికల్స్‌లో సెర్ల్ పరికరంతో ఉక్కు తీగ యంగ్ గుణకం కనుక్కోమంటారు. అందులో రెండు తీగలు ఎందుకని వైవాలో అడుగుతారు. గదిలో ఉష్ణోగ్రత మారినా, పైన కట్టిన దూలం కొంచెం దిగినా రెండు తీగలకూ ఒకేలా జరుగుతుంది, స్పిరిట్ లెవెల్ బుడగ కదలదు. బరువు వల్ల వచ్చిన సాగుదల మాత్రమే మైక్రోమీటరులో పడుతుంది. రెండు మీటర్ల పొడవు, అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న తీగకు అర కిలో చేర్చిన ప్రతిసారీ పావు మిల్లీమీటరు సాగాలి, అంటే మైక్రోమీటరు మీద పాతిక విభాగాలు. ఇంతకు చాలా తేడాగా వస్తే తీగలో మెలికలు ఇంకా విడలేదని అర్థం. మొదట ఒకటి రెండు కిలోలు వేలాడదీసి తీగను నిటారు చేసుకున్నాకే రీడింగులు మొదలుపెట్టాలి.

పిల్లలు ఎక్కువగా తప్పేది సాగుదల దగ్గర కాదు, వ్యాసం దగ్గర. అర మిల్లీమీటరు తీగను స్క్రూగేజితో కొలిచేటప్పుడు 0.01 మిల్లీమీటరు తేడా వస్తే వ్యాసంలో అది రెండు శాతం, వైశాల్యంలో వర్గం అవుతుంది కాబట్టి నాలుగు శాతం. తీగ పొడవునా నాలుగైదు చోట్ల, ప్రతిచోటా ఒకదానికొకటి లంబంగా రెండు దిశల్లో కొలవమనండి. బరువులు వేస్తూ తీసుకున్న రీడింగులను, తిరిగి ఒక్కొక్కటే తీస్తూ తీసుకున్న రీడింగులతో పక్కపక్కన పెట్టి పోల్చాలి. రెండూ కలవకపోతే తీగ స్థితిస్థాపక అవధి దాటింది, దాన్ని పక్కన పెట్టి కొత్త తీగ అడగాలి.